మూసిన కిటికీ వెనక కుంపటి

రిటైరయ్యాక అందరూ అడిగే మాట ఒకటే, ఇప్పుడు హాయిగా ఉందా అని. హాయిగానే ఉంది. పొద్దున్నే స్కూటీ తీయనక్కర్లేదు, టీకాల డబ్బా భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరగనక్కర్లేదు. కానీ పసిపిల్ల ఉన్న ఇంట్లోంచి చప్పుడు రాకపోతే నాకు ఇప్పటికీ కూర్చోబుద్ధి కాదు. మైలార్‌దేవ్‌పల్లిలో మా పై వాటాలోకి ఈమధ్య నెలల పాపతో ఒక జంట కిరాయికి దిగింది. ఆ పిల్ల చాలాసేపు ఏడవకపోతే ఏదో ఒక వంక పెట్టుకుని మెట్లెక్కి వెళ్లి తలుపు కొడుతున్నాను. వాళ్లు నన్ను చాదస్తపు ముసలమ్మ అనుకుంటూ ఉంటారు. అనుకోనీ.

శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో ఏఎన్‌ఎంగా, అంటే సబ్‌సెంటర్ నర్సుగా, నా ఉద్యోగమంతా గడిచింది. ఇప్పుడు ఆ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న అమ్మాయిల కోసం ఇది రాస్తున్నాను. సూది ఎలా వేయాలో, తూకం ఎలా చూడాలో మీకు ట్రైనింగులో నేర్పుతారు. భయపడడం ఎవరూ నేర్పరు. పైగా నర్సుకు ధైర్యం ఉండాలని చెప్పి పంపిస్తారు. తొలి ఏడాది నిండని బిడ్డను చూడడానికి వెళ్లేటప్పుడు కడుపులో భయం లేకపోతే మీరు సరిగా చూడరు, అంతే. ఆ భయాన్ని ముఖం మీదికి రానివ్వకపోవడమే మీరు నేర్చుకోవలసిన పని.

పెద్ద మేడం చెప్పిన మాట

నా తొలినాళ్లలో మా డాక్టరు గుంటూరు వైపు ఆవిడ. మేమంతా పెద్ద మేడం అనేవాళ్లం. ఇంట్లోకి అడుగు పెట్టగానే మాటలు మొదలుపెడితే ఆవిడకు ఒళ్లు మండేది. ముందు బిడ్డ బట్ట తొలగించి ఛాతీ చూడాలి. ఊపిరి వేగంగా ఉందా, డొక్కలు లోపలికి పోతున్నాయా, పాదాలు చల్లగా ఉన్నాయా, నోటికి రొమ్ము అందిస్తే పట్టుకుంటోందా, ఇవి చూశాకే పలకరింపులు. చాయ్ తాగుతారా అని అడిగినా అప్పటిదాకా జవాబు చెప్పనిచ్చేది కాదు.

ఒకసారి ఒక ఇంట్లో నాయనమ్మ బిడ్డ ముక్కులో రోజూ ఆముదం చుక్కలు వేస్తోంది. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి బిడ్డ డొక్కలెగరేస్తోంది. నాకు కోపం ఆగక ఆవిడను అనరాని మాటలు అనబోయాను. పెద్ద మేడం నా చెయ్యి పట్టి ఆపింది. బిడ్డను జీపులో పెద్ద దవాఖానకు పంపించి, తను మాత్రం ఆ నాయనమ్మ పక్కన కూర్చుని, ముక్కులో నూనె ఎందుకు వేస్తున్నారమ్మా అని మెల్లగా అడిగింది. ముక్కు మూసుకుపోయి బిడ్డ ఊపిరి ఆగుతుందేమోనని ఆవిడ భయం. బిడ్డ బతికి తిరిగి వచ్చింది. మళ్లీ ఆ ఇంట్లో నూనె చుక్క వేయలేదు, ఆ వాడలో కూడా ఎవరినీ వేయనివ్వలేదు.

దారిలో మేడం నాతో అన్నది నాకింకా గుర్తు. "సరోజా, వాళ్లకు చెప్పే ముందు వాళ్లు దేనికి భయపడుతున్నారో అడగండి. అది తెలుసుకోకుండా మీరెంత చెప్పినా, మీరు గేటు దాటేదాకానే వింటారు."

యేసమ్మ ఇల్లు

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నా ఉద్యోగం చివరి రోజుల్లో జరిగింది. మంఖాల్ వైపు వెళ్లే దారిలో ఉన్న ఒక ఊరు, పేరు రాయను. యేసమ్మ అనే ఆవిడ కూతురు సుజాత కాన్పు కోసం తల్లి దగ్గరికి వచ్చింది. సుజాత భర్త ప్రవీణ్ ఎయిర్‌పోర్టులో సరుకు ఎక్కించే పనిలో ఉంటాడు. దవాఖానలో సుఖంగా కాన్పయి ఆడపిల్లతో ఇంటికి చేరారు. డిసెంబరు చలి. గుమ్మం మీద అప్పటికే క్రిస్మస్ కాగితం నక్షత్రం వేలాడుతోంది.

అది కొత్త స్లాబు ఇల్లు. యేసమ్మ వాళ్ల పాత గూన పెంకుల ఇల్లు తీసేసి కట్టుకున్నారు. విమానాల మోత తట్టుకోలేక కిటికీలకు రబ్బరు పట్టీ ఉన్న జరుపుడు అద్దాలు బిగించారు. అద్దం వేస్తే నిజంగానే చప్పుడు సగానికి సగం తగ్గేది. బాలింత గదిలోకి నేను అడుగు పెట్టగానే వేడి ముఖానికి కొట్టింది. మంచం పక్కన కుంపటి, అందులో కణకణలాడే బొగ్గులు. తలుపు సందులో పాత చీర కుక్కి ఉంది.

మా వైపు బాలింత గదిలో కుంపటి పెట్టడం కొత్తేమీ కాదు. బిడ్డకు స్నానం చేయించి, సాంబ్రాణి వేసి, తల్లికీ బిడ్డకీ కాక చూపిస్తారు. మా అమ్మ నాకూ పెట్టింది. పెంకుటింట్లో ఏ మూల చూసినా సందులే, బొగ్గుల విషం పైకి పోయేది. ఈ గదిలో అది పోవడానికి వెంట్రుకవాసి సందు లేదు. పొగైతే కళ్లు మండుతాయి, దగ్గు వస్తుంది, మనిషి బయటికి పరుగెత్తుతాడు. కణకణలాడే బొగ్గుల విషానికి వాసన లేదు, రంగు లేదు. హాయిగా నిద్ర పట్టినట్టే ఉంటుంది.

ముందు బిడ్డ ఛాతీ చూశాను. ఊపిరి బాగుంది, రొమ్ము పట్టుకుంటోంది. అప్పుడు కిటికీ కొంచెం జరిపి, యేసమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, ఇంత గట్టిగా మూశావేంటని అడిగాను. ఆవిడ కొంగు మడతలు పెడుతూ చెప్పింది. నేను ఆ ఊరికి బదిలీ అయి రాకముందు, సుజాతకు తొలి కాన్పులో మగబిడ్డ పుట్టాడట. పాత ఇంట్లో, ఇలాంటి చలిలోనే జలుబు చేసి, డొక్కలెగరేసి, దవాఖానకు చేరేలోపే పోయాడట.

"నా ఒళ్లనే పోయిండు నర్సమ్మా" అంది యేసమ్మ. "పెంకుల సందులకెల్లి గాలి సోకింది. ఈ పిల్లకు గాలి సోకనియ్య. ఎవ్వరేమన్నా తలుపు తియ్య."

అప్పుడు నా భయం రెట్టింపయింది. తెలియక చేసే మనిషికి తెలియజెప్పవచ్చు. ఒక బిడ్డను ఒళ్లో పోగొట్టుకుని చేస్తున్న మనిషికి ఏం చెబుతాం? ఆవిడకు గాలి వస్తుందని భయం, నాకు గాలి రాదని భయం. ఇద్దరం భయపడుతున్నది ఒకే పిల్ల కోసం.

వెచ్చదనానికి మరో దారి చూపించాను. పిల్లను బట్టల్లేకుండా సుజాత రొమ్ముల మధ్య పడుకోబెట్టి, తలకు టోపీ, కాళ్లకు మేజోళ్లు వేసి, పైన దుప్పటి కప్పించాను. కాసేపటికి పిల్ల పాదాలు పట్టుకుని చూడమన్నాను. యేసమ్మ పట్టుకుని చూసి, కుంపటిని నా ఎదుటే వాకిట్లో పెట్టింది. కిటికీ జానెడు తెరిచి ఉంచుతానంది. నమ్మీ నమ్మకుండా అంది. అయినా ఆ రోజుకు నాకు అదే ఎక్కువ.

అరిచే డాక్టరు

పెద్ద మేడం వెళ్లిపోయి అప్పటికి ఏళ్లు గడిచాయి. తర్వాత ఎందరో వచ్చి వెళ్లారు. ఆ సమయంలో ఉన్న డాక్టరు సార్ చదువులో గట్టివాడే, ఒప్పుకుంటాను. కుంపటి సంగతీ, పోయిన మగబిడ్డ సంగతీ నేనే చెప్పాను, ఒకసారి వచ్చి చూడమని. ఆయన వచ్చిన రోజు కుంపటి మళ్లీ గదిలోనే ఉంది. ఆయన నలుగురూ పోగయ్యేలా అరిచాడు. బిడ్డను చంపుతావా అన్నాడు. ఒకణ్ని పోగొట్టుకున్నా బుద్ధి రాలేదా అని కూడా అన్నాడు. ఆ మాటకు యేసమ్మ ముఖం మాడిపోయింది.

ఆయన చెప్పినదాంట్లో అక్షరం తప్పు లేదు. కానీ ఆ అరుపు తర్వాత ఆ ఇంటి తలుపు మాకు మూసుకుపోయింది. మరుసటిసారి నేను వెళితే యేసమ్మ పిల్లను వాకిట్లోకే తెచ్చి చూపించింది. మంచిగ ఉన్నం, పోయి రా అన్నట్టు నిలబడింది. గదిలోకి వెళ్లబోతే బాలింత పడుకుందంది. పిల్ల బాగానే ఉంది. సుజాత గొంతు లోపలి నుంచి వినబడింది, విమానాల మోతకు తల పగిలిపోతోందని. అద్దం ఇంకా గట్టిగా జరిపిన చప్పుడు కూడా వినబడింది.

ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల ఊళ్లలో తలనొప్పి అంటే అందరూ విమానాలనే తిట్టుకుంటారు. నేనూ తిట్టుకునేదాన్ని. అందుకే ఆ మాట ఎవరికీ వింతగా తోచదు. కానీ నాకు అనుమానం తగిలింది. వాకిట్లోకి వచ్చాక తగ్గుతుందా అని సుజాతను గట్టిగా కేకేసి అడిగాను. బయటికి వస్తే ఇట్టే తగ్గుతుందంది. అయితే అది విమానాల నొప్పి కాదు. బయటే కదా విమానాల మోత ఎక్కువ. యేసమ్మను బతిమాలాను, చేతులు పట్టుకున్నాను. బొగ్గులు లేవు, ఆర్పేసినం అంది. నా ఫోన్ నంబరు సుజాతకు గట్టిగా చదివి వినిపించి, తల తిరిగితే పిల్లను తీసుకుని బయటికి పరుగెత్తు, తర్వాత నాకు ఫోన్ చెయ్యి అని గుమ్మం బయటి నుంచే చెప్పి వచ్చాను.

ఆ సార్ చెడ్డవాడని నేననను. కానీ అమ్మాయిలూ, ఒకటి రాసుకోండి. మీరు అరిస్తే కుంపటి ఆరదు, మీ కంటికి కనబడకుండా పోతుంది. కనబడే కుంపటి కంటే అది ఎక్కువ ప్రమాదం.

ఫోన్

మర్నాడు పొద్దున సబ్‌సెంటర్లో టీకాలు సర్దుకుంటుంటే సుజాత ఫోన్ చేసింది. నాలుక మొద్దుబారినట్టు మాట ముద్దగా వస్తోంది.

"సిస్టర్, పిల్ల పాలు తాగుతలేదు. లేపితె లేస్తలేదు. అమ్మకు వాంతులైనయి, పండుకుంది. నాక్కూడ కాళ్లు వస్తలేవు."

తల్లికీ అమ్మమ్మకూ బిడ్డకూ ముగ్గురికీ ఒకేసారి. ఇక అనుమానం ఏముంది. పిల్లను పట్టుకుని తలుపు తియ్యి, పాక్కుంటూనైనా బయటికి రా అని అరిచాను. నేనే అరిచాను, డాక్టరు సార్ కంటే గట్టిగా. జవాబు రాలేదు. ఫోన్ కట్ కాలేదు. ఎక్కడో విమానం పోతున్న మోత సన్నగా వినిపించింది. తర్వాత అదీ లేదు. పిల్ల ఏడుపు కోసం చెవి పెట్టి విన్నాను. ఏమీ లేదు. నా జీవితంలో అంత భయంకరమైన నిశ్శబ్దం మళ్లీ వినలేదు.

108కి ఫోన్ చేశాను. ప్రవీణ్‌కు చేస్తే స్విచాఫ్. డ్యూటీలోకి వెళ్లేటప్పుడు వాళ్లు ఫోన్లు లాకర్లో పెట్టాలి. స్కూటీ ఎక్కాను. దారిలో ఎవరిని దాటానో, ఎవరికి అడ్డం పడ్డానో తెలియదు. దేవుడా ఆ పిల్లను ఏడిపించు, ఏడిపించు అని పెద్దగా అనుకుంటూ పోయాను. ఎవరి దేవుడికి మొక్కానో కూడా తెలియదు.

వాడ అంతా ఖాళీ. ఆ ఊళ్లో పొద్దున పూట అందరూ డ్యూటీల్లో ఉంటారు. తలుపు లోపలి నుంచి గడియ పెట్టి ఉంది. ఎదురింటి ఆటో అతను అప్పుడే కిరాయి దింపి వచ్చాడు. అతని పేరు నాకు అప్పటికి తెలియదు. అన్నా, కిటికీ పగలగొట్టు అన్నాను. ఎందుకని అడగలేదు, ఆటోలోంచి జాకీ రాడ్ తీసి ఒక్క దెబ్బ వేశాడు. లోపలి నుంచి వేడి గుప్పుమని వచ్చింది. పొగ లేదు, వాసన లేదు. మంచం కింద కుంపటి, మా కంట పడకుండా చుట్టూ దుప్పటి వేలాడదీసి ఉంది. ఊపిరి బిగబట్టి వెళ్లి తలుపు తెరువు, లోపల నిలబడకు అని చెప్పాను. అతను కిటికీలోంచి దూరి గడియ తీశాడు.

సుజాత తలుపు దగ్గరే పడి ఉంది. పిల్లను చంకలో పట్టుకునే అంతదూరం వచ్చింది. చెయ్యి పైకెత్తి ఉంది, గడియ మాత్రం అందలేదు. నేను పిల్లను లాక్కుని వాకిట్లోకి పరుగెత్తాను. ఆటో అన్న తల్లీకూతుళ్లను ఒక్కొక్కరిని ఈడ్చుకుని వచ్చాడు. పిల్ల నా చేతుల్లో తడిబట్టలా వేలాడుతోంది. బుగ్గలు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

"పిల్ల మంచిగనే ఉంది గదమ్మా, ఎర్రగ ఉంది" అన్నాడు ఆటో అన్న, ధైర్యం చెబుదామని.

ఆ విషం ఒక్కోసారి అలాగే మోసం చేస్తుంది. ఎర్రగా ఉందని మీరెప్పుడూ నమ్మకండి. ఛాతీ చూశాను. కదలడం లేదు. చేతులకు తెలుసు ఏం చేయాలో. గచ్చు మీద పడుకోబెట్టి, ముక్కూ నోరూ కలిపి నా నోటితో మూసి, బుగ్గలో పట్టేంత గాలి మాత్రమే మెల్లగా ఊదాను. ఛాతీ లేచింది. మళ్లీ ఊదాను. మళ్లీ. తలమీదుగా విమానం పోతోంది, ఊపిరి చప్పుడు వినబడదు. కంటితో చూడడం ఒక్కటే దిక్కు. ఎంతసేపు ఊదానో చెప్పలేను. చివరికి పిల్ల తనంతట తానే చిన్నగా ఊపిరి లాగింది. తర్వాత పిల్లి కూనలా ఒక మూలుగు. అప్పటికి 108 సందులోకి తిరిగింది. దాంట్లో ఆక్సిజన్ పెట్టారు.

ఆ ఏడాదంతా

ముగ్గురూ బతికారు. కథ ఇక్కడితో అయిపోతే నేను ఇది రాసేదాన్ని కాదు. పెద్ద దవాఖానలో పిల్లల డాక్టరు చెప్పిన మాట, మెదడుకు ఎంత దెబ్బ తగిలిందో ఇప్పుడు చెప్పలేం, పెరుగుతుంటే తెలుస్తుందని. పెరుగుతుంటే తెలుస్తుందంటే ఏమిటో తెలుసా? మెడ నిలుస్తుందా, ముఖం చూసి నవ్వుతుందా, చప్పుడుకు తిరుగుతుందా, కూర్చుంటుందా అని ఏడాది పొడవునా గుండెలు చేత్తో పట్టుకుని ఎదురుచూడడం.

దవాఖాన వరండాలో యేసమ్మ నా పక్కన కూర్చుంది. ఆవిడను నేనేమీ అనలేదు. తనే అంది.

"గాలి రానియ్యకుంటె బతుకుతదనుకున్న నర్సమ్మా."

ఏడ్చేశాను. ఆవిడ ఏడవలేదు, నేనే ఏడ్చాను.

పిల్లకు కృప అని పేరు పెట్టారు. ప్రతి నెలా నా వంతు కాకపోయినా ఆ ఇంటికి వెళ్లేదాన్ని. మెడ ఆలస్యంగా నిలిచింది. ఆ ఆలస్యం రోజుల్లో సుజాత కళ్లలోకి చూడలేకపోయేదాన్ని. చూసినవాళ్లంతా ఒక సలహా ఇచ్చేవారు. ఒకరు వస కొమ్ము అరగదీసి నాకించమంటారు, ఒకరు తేనె పెట్టమంటారు, ఒకరు ఫోన్లో వీడియో చూపించి ఈ టానిక్ పోస్తే బుర్ర పెరుగుతుందంటారు. ఏడాది లోపు బిడ్డకు తేనె విషం కావచ్చని మొత్తుకున్నాను. ఆరో నెల దాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా వద్దన్నాను. యేసమ్మ ఈసారి వాకిట్లో కాపలా కూర్చుంది. తేనె సీసాతో వచ్చిన సొంత చెల్లెల్ని గేటు దగ్గరే ఆపేసింది.

ఆరో నెల నిండాక మరో భయం. గొంతులో పడుతుందని యేసమ్మ ఉగ్గు నీళ్లలా కాచి పోసేది. కడుపు నిండేది, బలం వచ్చేది కాదు. పిల్ల బరువు ఆగిపోయింది. ఈసారి మొదట ఆవిడ భయమేమిటో అడిగాను. అడిగాక ఆవిడ చేతనే పిల్లను నిటారుగా ఒళ్లో కూర్చోబెట్టించి, గరిటె వంచితే జారిపోనంత చిక్కగా మెత్తటి పప్పన్నంలో నెయ్యి కలిపి, తినిపించి చూపించాను. పిల్ల మింగింది. యేసమ్మ ఆగిన ఊపిరి అప్పుడు వదిలింది. పల్లీలు, శనగలు మాత్రం చేతికి అందనివ్వద్దని చెప్పాను. అది చెప్పనక్కర్లేకపోయింది, ఆవిడ ఇంట్లోంచే తీసేసింది.

పుట్టినరోజు

కృప తొలి పుట్టినరోజుకు నన్ను పిలిచారు. పదవీ విరమణకు దగ్గర్లో ఉన్నాను. ఇంటినిండా చుట్టాలు. మళ్లీ చలి మొదలైంది. ఎవరో చలికి కిటికీ అద్దం మూశారు, ఇంకెవరో తలుపు దగ్గరగా వేశారు. కేక్ మీద కొవ్వొత్తి వెలిగించారు. పాస్టరుగారు ప్రార్థనకు లేచారు. గది వెచ్చగా, అందరి ఊపిరితో నిండిపోయింది. నాకు ఆ కుంపటి గది గుర్తొచ్చింది. లేచి ఏం చెబుతాను, వాళ్ల పండగ రోజున?

నేను లేవకముందే యేసమ్మ లేచింది. పాస్టరుగారిని జర ఆగమని చేత్తో సైగ చేసింది. జనాన్ని తోసుకుంటూ వెళ్లి రెండు కిటికీలూ పూర్తిగా జరిపేసింది, తలుపు బార్లా తెరిచి అడ్డంగా పీట పెట్టింది. సరిగ్గా అప్పుడే విమానం ఒకటి ఇంటి మీదుగా దిగుతోంది. ఆ మోతకు పాస్టరుగారు ఏదో అన్నది ఎవరికీ వినబడలేదు. గాలికి కేక్ మీద కొవ్వొత్తి ఆరిపోయింది. పిల్లలు నవ్వారు. ఎవరో కిటికీ మూయబోయారు.

"ముయ్యకుండ్రి" అంది యేసమ్మ. గట్టిగా అనలేదు. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

కృప ఆ మోతకు ఉలిక్కిపడి, కిటికీ వైపు తల తిప్పి, గొంతు చించుకుని ఏడవడం మొదలుపెట్టింది. సుజాత ఎత్తుకోబోయింది. యేసమ్మ వద్దని ఆపింది. విమానం దాటిపోయాక కూడా పిల్ల ఏడుపు ఆ గదినిండా వినబడుతూనే ఉంది. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టలేదు. యేసమ్మా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఇంకాసేపు ఏడవనిచ్చాం.